సిల్వర్ జూబ్లీ ఫంక్షనా, బ్యాంకుల ఉన్న హారమా?

నర్సంపేట దగ్గరి ఊరి నుంచి ఒకమ్మ రాసిన్రు. వచ్చే జూన్ రెండో వారానికి పెళ్లయి 25 ఏండ్లు నిండుతయట. భర్తకు విత్తనాలు, ఎరువుల షాపు. ఇన్నేండ్లల్ల ఒక్కసారి కూడా ఆయన పెళ్లిరోజు గుర్తు పెట్టుకోలేదు, పోయినేడు బగారన్నం, కోడికూర, పాయసం చేసి ఎదురుచూస్తే రాత్రి పదిన్నరకు షాపు బంద్ చేసి వచ్చి, సగం తిన్నంక "ఇయ్యాల చుట్టాలెవలన్న వచ్చిన్రా" అని అడిగిండట. హైదరాబాద్‌ల ఉండే కొడుకు, బిడ్డ కలిసి ఈసారి వరంగల్‌ల ఫంక్షన్ హాల్ తీసుకోని మూడు లక్షల దాకా పెట్టి సిల్వర్ జూబ్లీ చేస్తమంటున్నరు, బిడ్డయితే 25కు వెండే ఇయ్యాలని నెట్‌ల దొరికిన గిఫ్టుల లిస్టు కూడా పంపింది. ఆయనేమో ఫంక్షన్ మాటెత్తితే చాలు "గిదేమన్న పండుగనా" అని లేచిపోతున్నడు. అత్తమ్మేమో "మళ్ల పుస్తె కట్టుడు ఏంది" అంటున్నదట, అన్నవాళ్లు ఒడిబియ్యం పోస్తమంటున్నరట. అటు యారాలేమో ప్రతి ఏడు కేకు కోసిన ఫొటోలు స్టేటస్ పెడ్తది. "నేను ఆశపడుడు తప్పా? ఫంక్షన్ వద్దనాల్నా, ఆయన్నే ఒప్పించాల్నా?" అని అడిగిన్రు. ఆఖరికి, చిన్న మాటలెక్క, రెండేండ్ల కింద షాపు కోసం నా నాలుగు తులాల హారం బ్యాంకుల కుదువ పెట్టిండు, లక్షా ఎనభై వేలు తెచ్చిండు, పిల్లలకు తెల్వదు అని రాసిన్రు.

అమ్మా, ఆశపడుడు తప్పెట్లయితది, ఇరవై అయిదేండ్లు కాపురం చేసిన మనిషి ఒక్క మాట అనాలని ఎవలకుండదు. కానీ మీ ఉత్తరం రెండుసార్లు చదివినంక నాకు ఆ పాయసం కన్న ఆ హారమే ఎక్కువ కండ్లల్ల పడ్డది.

ముందుగాల తేదీ సంగతి చూద్దాం. జూన్ రెండో వారమంటే మిరుగం, మృగశిర కార్తె. తొలకరి పడిందంటే చుట్టుపక్కల ఊర్లన్నీ పత్తి గింజల కోసం, యూరియా కోసం మీ షాపు ముంగటనే ఉంటయి, అందుల సగం ఉద్దెర. ఉన్న పైసలన్నీ స్టాకు మీద పెట్టి ఉంటడు, ఆ ఉద్దెర మళ్ల చేతికి రావాలంటే పత్తి ఏరి వరంగల్ ఎనుమాముల మార్కెట్‌కు తోలాలె, దసరా దాటుతది, ఒక్కోసారి సంక్రాంతి కూడా దాటుతది. అంటే మీ పెళ్లిరోజు ఏడాది మొత్తంల ఆయనకు తీరిక లేని వారంల, చేతుల పైస లేని వారంల పడ్డది, ముహూర్తం పెట్టిన అయ్యగారు షాపు సంగతి అడగలేదు కదా. నేనేమీ ఆయన్ని వెనకేసుకొస్తలేను. మర్చిపోతే మరుసటి రోజన్నా, ఆ వారం అయినంకన్నా ఒక మాట అనొచ్చు, అనలేదు, అది ఆయన లోపమే. మీరు కూడా ప్రతి ఏడు నోరు తెరిచి చెప్పకుండ, గుర్తుంటదా లేదా చూద్దామని లోపల్లోపల పరీక్ష పెడ్తున్నరు, పరీక్ష ఉన్న సంగతి రాసేటోనికే తెల్వదు. ఈసారి ముందే చెప్పుండ్రి, అడిగి తీసుకుంటే విలువ తక్కువైతదనేది ఉత్త మాట.

ఇగ ఫంక్షన్ అంటే ఆయనకు అంత కోపమెందుకొస్తుందో నాకు ఒక అనుమానం ఉన్నది. అనుమానమే, మీరే సరిచూసుకోండి. మూడు వందల మంది చుట్టాల ముంగట మీరు పట్టుచీర కట్టుకోని స్టేజీ మీద నిలబడితే మీ వదిన మొట్టమొదలు చూసేది మీ మెడనే. "హారమేది?" అంటది. పిల్లలకు తెల్వది, అత్తగారింటోళ్లకు తెల్వది, అందరి ముంగట ఆ మాట వస్తదని ఆయన భయపడుతున్నడేమో. షాపు నడిపే మనిషి పెండ్లాం నగ కుదువల ఉన్నదంటే బజార్ల కూడా మాట పోతది. మగవాళ్లు ఇసొంటి చోట సిగ్గైతుందని చెప్పరు, కోపానికొస్తరు.

ఇప్పుడు లెక్క చూడండి. పిల్లలు ఒక్క పూటకు మూడు లక్షలు పెడ్తమంటున్నరు. మీ హారం మీద ఉన్నది లక్షా ఎనభై వేలు, దానిమీద వడ్డీ. తులం లక్ష దాటిన కాలంల నాలుగు తులాలు అక్కడ పెట్టి ఇక్కడ వెండి డిన్నర్ సెట్ కొనుక్కునుడు ఏం లెక్క? బంగారం లోన్లు మామూలుగ ఏడాది గడువుతో ఇస్తరు, వడ్డీ కట్టి రిన్యూ చేసుకోకపోతే నోటీసిచ్చి వేలానికి పెడ్తరు. మీది రెండేండ్లాయె. కాబట్టి వడ్డీ కడుతున్నడా, రిన్యువల్ రశీదు ఉన్నదా అనేది ఈ నెలల్నే మీరు చూడాలె, పెళ్లిరోజు దాకా ఆగేది కాదు. ఇంకో మాట, పుట్టింటోళ్లు పెట్టిన బంగారం మీదే. కష్టమొస్తే భర్త వాడుకోవచ్చు గాని తిరిగి ఇచ్చే బాధ్యత ఆయన మీద ఉంటదని సుప్రీంకోర్టు కూడా 2024ల చెప్పింది. మిమ్మల్ని కోర్టుకు పొమ్మంటలేను, అడగడానికి మొహమాటపడొద్దని చెప్తున్న.

రశీదు సంగతి ఈ నెలల్నే చూడండి గాని, కూసోని మొత్తం మాట్లాడేది మిరుగంల కాదు. ఏప్రిల్‌ల వడ్లు కొనుగోలు సెంటర్లకు పోతుంటయి, షాపుల ఈగలు తోలుకునే రోజులుంటయి కదా, అప్పుడు ఒక పొద్దుటి పూట చాయ్ ఇచ్చి కూసోండి. "నాకు ఫంక్షన్ వద్దు, కేకు వద్దు. హారం ఎట్లున్నది, వడ్డీ కడుతున్నమా, పిల్లలకు ఎప్పుడు చెప్దాం?" గింతే. మీరు తెచ్చింది, మీరు పెట్టింది అనకుండ మనం అనండి, షాపు మీద తిన్నది ఇంటిల్లిపాదీ. పిల్లలకు ఆయన నోటితోనే చెప్తే మంచిది, మీరు చాటుకు కొడుక్కు ఫోన్ చేసి చెప్తే వాడు తండ్రి మీదికి లేస్తడు, ఇగ ఆ ఇంట్ల పెళ్లిరోజేముంటది. ఆయన ఎంతకూ చెప్పకపోతే మాత్రం, నేను చెప్తున్న అని ఆయనకు చెప్పే చెప్పండి.

ఆ గిఫ్టుల లిస్టు సంగతి బిడ్డకు నవ్వుకుంట చెప్పండి. మొదటి ఏడు కాగితం, అయిదుకు కట్టె, 25కు వెండి, 50కి బంగారం అనేది మన పెద్దలు పెట్టింది కాదు, పడమటి దేశాలల్ల కొన్ని ఏండ్లకే ఉన్నదాన్ని 1937ల అమెరికా నగల దుకాణాలోళ్ల సంఘం ఏడాదికో వస్తువు చొప్పున సాగదీసింది. అమ్మేటోళ్లు రాసిన లిస్టు అమ్మేటోళ్ల దిక్కే ఉంటది. అయినా వెండి అంటే మనకూ ఒకటున్నది, మెట్టెలు. పెళ్లినాడు సన్నికల్లు మీద మీ కాలు పెట్టించి ఆయన తొడిగిన మెట్టెలు ఈపాటికి అరిగి తీగలెక్క అయి ఉంటయి, దువ్వెనకు, చీర అంచుకు తట్టుకుంటుంటయి. ఆయన్ని వెంటబెట్టుకోని పోయి పాతయి తూకమేసి కొత్తయి తీసుకోండి, వెండి ఎంత పెరిగినా అది మీ బడ్జెట్‌ల పట్టేదే. బిడ్డకు ఇంకా మనసొప్పకపోతే కరీంనగర్ వెండి తీగపని కుంకుమ భరిణె చిన్నది తెమ్మనండి, ఇది ఈ ఊరి పనే అని 2007ల జీఐ గుర్తింపొచ్చిన పని, డిన్నర్ సెట్టు లెక్క అల్మారల పడి నల్లబడకుండ రోజూ చేతుల పడ్తది.

అత్తమ్మ "మళ్ల పుస్తె కట్టుడు ఏంది" అంటున్నదని రాసిన్రు, ఆ ఒక్క మాట మీద ఆమె దిక్కే నేను. మళ్ల పుస్తె కట్టుడు ఆయనకు 60 నిండినప్పుడు షష్టిపూర్తిల చేసేది, 25కు దండలు మార్చుకోని పెద్దోళ్ల కాళ్లు మొక్కితే సరిపోతది. యారాలి స్టేటస్ సంగతంటరా, ఆమెను మ్యూట్‌ల పెట్టండి, దానికి సలహా కూడా అక్కర్లేదు.

పెళ్లిరోజు నాడు పొద్దుగాల షాపు తెరవకముందే ఇద్దరూ గుడికి పోయి రండి, అరగంట చాలు, ముందురోజు రాత్రే చెప్పి పెట్టండి. మీ అన్నవాళ్లు ఒడిబియ్యం పోస్తమంటున్నరు కదా, ఒడిబియ్యం పోసేది బేసి ఏండ్లల్ల, 25 ఎట్లాగూ బేసి ఏడే, కానీ జూన్‌ల వద్దనండి. ఉద్దెర వసూలై, హారం ఇంటికొచ్చి, మాఘంల పెట్టుకుంటే మీ ఇంట్లనే వాకిట్ల టెంటేసి చేసుకోవచ్చు, పసుపు బియ్యం, కుడుకలు, ఖర్జూరాలు, పోకలు ఒళ్లో పడుతుంటే మెడల హారం ఉంటది, మీ వదిన చూసుకుంటది. అప్పుడు పిల్లలు ఫొటోగ్రాఫర్‌ను పెట్టుకుంటరో, వందమందిని పిలుస్తరో వాళ్ల ఇష్టం, మీ ఆయన కూడా లేచిపోడనే నా నమ్మకం.

హాల్‌కు కొడుకు అడ్వాన్స్ ఇచ్చిండా లేదా మీరు రాయలేదు. ఇయ్యకపోతే, కారణం తర్వాత చెప్తనని, ఇప్పుడైతే ఆగుమని రేపే ఫోన్ చెయ్యండి, ఒకసారి కట్టినంక ఆ పైసలు తిరిగి వచ్చుడు కష్టం.