ముగ్గురి కంప్యూటర్లలో మేవెన్ మూడు రకాలుగా మొరాయిస్తుంటే ముందుగా చూడవలసినది

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది: చివరి సంవత్సరం ప్రాజెక్టు ఒకటే, చేసేవారు ముగ్గురు. మీ దగ్గర విండోస్, ఒక మిత్రుడి దగ్గర ఉబుంటు, మరొకరి దగ్గర మ్యాక్‌బుక్ ఉన్నాయి. జావా ప్రాజెక్టుకు కావలసిన లైబ్రరీలను దించి, కోడ్‌ను కంపైల్ చేసిపెట్టే అపాచీ మేవెన్ అనే పనిముట్టును ముగ్గురూ ఇన్‌స్టాల్ చేశారు. కానీ మీ కమాండ్ ప్రాంప్ట్ మేవెన్‌ను నడిపే «ఎంవీఎన్» (mvn) అనే కమాండునే గుర్తించడం లేదు, ఉబుంటులో కంపైలర్ లేదంటోంది, మ్యాక్‌లో బిల్డ్, అంటే కోడ్‌ను ప్రోగ్రాముగా కట్టే పని, మధ్యలో ఆగిపోతోంది. ఈ మూడు యంత్రాల మీదా పని చేసిన అనుభవంతో రాస్తున్నాను. మేవెన్ జావాలో రాసిన ప్రోగ్రామే కాబట్టి అది నడవడానికి ముందే రెండు విషయాలు తేలాలి: టెర్మినల్‌కు ఎంవీఎన్ ఎక్కడుందో తెలియాలి, ఎంవీఎన్‌కు ఏ జావాతో నడవాలో తెలియాలి. మీ మూడు చిక్కులూ ఈ రెండింటిలో ఏదో ఒకదాని దగ్గరే పుట్టాయి.

విండోస్‌లో మేవెన్‌కు ఇన్‌స్టాలర్ లేదు. జిప్ ఫైల్ దించుకుని విప్పుకోవడమే. అధికారిక పేజీలో బిన్ అని ఒకటి, ఎస్‌ఆర్‌సీ అని మరొకటి ఉంటాయి. రెండోది మేవెన్ సోర్స్ కోడ్, అది మీకు అక్కరలేదు. విండోస్ చేత జిప్ విప్పిస్తే తరచుగా ఫోల్డర్ లోపల అదే పేరుతో ఇంకో ఫోల్డర్ వస్తుంది కాబట్టి, ఎంవీఎన్ డాట్ సీఎండీ అనే ఫైల్ కంటికి కనిపించేదాకా లోపలికి వెళ్ళి, ఆ బిన్ ఫోల్డర్ చిరునామానే, కమాండులను ఎక్కడెక్కడ వెతకాలో విండోస్‌కు చెప్పే పాత్ వేరియబుల్‌లో చేర్చండి. జావా ఎక్కడుందో ఎంవీఎన్‌కు చెప్పే జావా_హోమ్ వేరియబుల్ విషయంలో దీనికి విరుద్ధం: అక్కడ జేడీకే (కంపైలర్‌తో సహా వచ్చే జావా) ఫోల్డర్ వరకే ఇవ్వాలి, చివర బిన్ అని రాయకూడదు. పాత వ్యాసాలు మేవెన్ ఫోల్డర్‌ను చూపే ఎం2_హోమ్ కూడా పెట్టమంటాయి గానీ మేవెన్ 3.5.0 నుంచి దాని అవసరం లేదు.

పాత్ మార్చే పద్ధతి గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఇక్కడే నాకు చేయి కాలింది. ఉద్యోగంలో చేరిన తొలి రోజుల్లో, మౌస్‌తో నాలుగు కిటికీలు తెరవడమెందుకని, కమాండ్ ప్రాంప్ట్‌లో సెట్‌ఎక్స్ కమాండుతో ఉన్న పాత్‌కు మేవెన్ చిరునామా తగిలించాను. సెట్‌ఎక్స్ 1024 అక్షరాలు దాటిన విలువను అక్కడికే కత్తిరించి భద్రపరుస్తుంది. నా పాత్ అప్పటికే అంతకంటే పొడవుగా ఉండటంతో, చివర చేర్చిన మేవెన్ పోవడమే కాక, కొత్త కిటికీ తెరిచేసరికి గిట్, నోడ్ కూడా మాయమయ్యాయి. అంతకుముందు తెరిచి ఉంచిన పాత కమాండ్ ప్రాంప్ట్ అదృష్టవశాత్తు ఇంకా మూయలేదు. తెరిచినప్పటి పాత్‌నే పట్టుకుని ఉంటుంది కాబట్టి, అందులో ఎకో కమాండుతో మొత్తం విలువను తెరపై రప్పించి, నోట్‌ప్యాడ్‌లోకి కాపీ చేసుకుని, మళ్ళీ ఒక్కొక్కటిగా సరిదిద్దుకున్నాను. అప్పటినుంచి నేను సిస్టమ్ సెట్టింగుల్లోని ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్ కిటికీ దాటి వెళ్ళడం లేదు. అన్నట్టు, నన్ను రక్షించిన ఆ గుణమే మిమ్మల్ని ఇబ్బంది పెడుతూ ఉండవచ్చు: పాత్ మార్చాక, ముందే తెరిచి ఉన్న కిటికీలో ఎన్నిసార్లు ప్రయత్నించినా ఎంవీఎన్ దొరకదు. కొత్త కిటికీ తెరవాలి. ఎడిటర్ లోపలి టెర్మినల్ అయితే ఆ ఎడిటర్‌నే మూసి తెరవాలి.

ఉబుంటులో ప్రోగ్రాములను ఇన్‌స్టాల్ చేసే ఆప్ట్ ద్వారా ఒక్క కమాండుతో మేవెన్ వచ్చేస్తుంది. అయితే దానితోపాటు వచ్చే జావా చాలాసార్లు జేఆర్‌ఈ మాత్రమే. ప్రోగ్రాములను నడపగలదు గానీ జావాసీ కంపైలర్ అందులో ఉండదు. మీ మిత్రుడికి కనిపిస్తున్న సందేశం సరిగ్గా ఇదే. ప్రాజెక్టుకు కావలసిన ఓపెన్‌జేడీకే ప్యాకేజీని విడిగా ఇన్‌స్టాల్ చేస్తే తీరిపోతుంది. ఆప్ట్ ఇచ్చే మేవెన్ పాతదిగా ఉంటుందని కూడా గమనించండి: ఉబుంటు 22.04లో 3.6.3, 24.04లో 3.8.7 వస్తాయి. సరికొత్తది కావాలంటే ఎస్‌డీకేమ్యాన్ అనే పనిముట్టు వాడటం నాకు నచ్చిన మార్గం. మేవెన్‌నూ జావానూ రెండింటినీ కోరిన వెర్షన్లలో పెట్టి, ఒకదాని నుంచి ఇంకొకదానికి మారనిస్తుంది. ఒక హెచ్చరిక: అనుమతి లేదన్న సందేశం రాగానే మేవెన్‌ను సుడోతో, అంటే రూట్ అనే నిర్వాహకుడి హక్కులతో, నడపవద్దు. అలా ఒక్కసారి నడిపినా, మేవెన్ దించుకున్నవి దాచుకునే, హోమ్ ఫోల్డర్‌లోని డాట్ ఎం2లో కొన్ని ఫైళ్ళు రూట్ పేరున పడి, తర్వాత మామూలుగా నడిపిన ప్రతిసారీ అదే సందేశం వచ్చే ప్రమాదం ఉంది.

మ్యాక్‌లో ప్రోగ్రాములను ఇన్‌స్టాల్ చేసే హోమ్‌బ్రూతో మేవెన్ పెట్టుకుని ఉంటే జరిగేది వేరు. హోమ్‌బ్రూ మేవెన్‌తోపాటు తన సొంత ఓపెన్‌జేడీకేని, అదీ కొత్త వెర్షన్‌ను, తెచ్చుకుంటుంది. జావా_హోమ్ ఖాళీగా ఉంటే ఎంవీఎన్ దానితోనే నడుస్తుంది. అందువల్ల టెర్మినల్‌లో జావా వెర్షన్ అడిగితే 17 అని వస్తున్నా, మేవెన్ మాత్రం అంతకంటే కొత్త జావాతో కంపైల్ చేస్తూ ఉంటుంది, ప్రాజెక్టులో లాంబాక్ అనే జావా లైబ్రరీ పాత వెర్షన్ ఏదైనా ఉంటే బిల్డ్ అక్కడే ఆగుతుంది. టెర్మినల్ తెరిచినప్పుడల్లా చదివే జడ్‌ఎస్‌హెచ్‌ఆర్‌సీ (.zshrc) ఫైల్‌లో జావా_హోమ్‌ను 17కు చూపిస్తే సరిపోతుంది. ఆ చిరునామాను యూఎస్‌ఆర్ కింద లిబ్‌ఎగ్జెక్‌లో ఉండే జావా_హోమ్ అనే చిన్న పనిముట్టు వెతికి ఇస్తుంది.

కాబట్టి ఏదీ మార్చకముందే ముగ్గురూ «ఎంవీఎన్ -వీ» అని కొట్టి చూడండి. మొదటి వరుసలో మేవెన్ వెర్షన్, తర్వాత అది ఉన్న ఫోల్డర్, ఆపైన అది వాడుతున్న జావా వెర్షన్, ఆ జావా ఉన్న చోటు కనిపిస్తాయి. చూడవలసినది ఆ జావా వరుసే. జావా వెర్షన్‌ను విడిగా అడిగితే వచ్చే జవాబును నమ్ముకోవద్దు. ఆ కింద ప్లాట్‌ఫాం ఎన్‌కోడింగ్ అని, అక్షరాలను ఏ పద్ధతిలో చదవాలో చెప్పేది, ఇంకొకటి ఉంటుంది. మీ కోడ్‌లో తెలుగు సందేశాలు ఉండి, విండోస్‌లో అది యూటీఎఫ్-8 కాకపోతే అక్షరాల చోట ప్రశ్నార్థకాలు రావచ్చు. ప్రాజెక్టు వివరాలుండే పామ్ (pom.xml) ఫైల్‌లో సోర్స్ ఎన్‌కోడింగ్‌ను యూటీఎఫ్-8గా రాసి పెట్టండి.

ముగ్గురూ ఒకే మేవెన్ వాడాలంటే ప్రాజెక్టులోనే మేవెన్ రాపర్ పెట్టుకోవడం మేలని నా అభిప్రాయం. అప్పుడు ఎవరి యంత్రంలో ఏ మేవెన్ ఉన్నా, అసలు లేకపోయినా, ఎంవీఎన్‌డబ్ల్యూ స్క్రిప్టు నిర్ణయించిన వెర్షన్‌ను తానే దించుకుంటుంది. జావా మాత్రం ఎవరిది వారే పెట్టుకోవాలి. మీరు విండోస్ నుంచి ఆ స్క్రిప్టును గిట్‌లో చేరిస్తే నడిపే అనుమతి లేకుండానే వెళ్ళే అవకాశం ఉంది. అప్పుడు మిగతా ఇద్దరూ ఆ అనుమతినిచ్చే సీహెచ్‌మాడ్ కమాండు కొట్టుకోవలసి వస్తుంది. గిట్ అప్‌డేట్-ఇండెక్స్ కమాండుతో మీరే ఆ అనుమతిని జతచేసి కమిట్ చేయండి. అప్పటికీ కుదరకపోతే మూడు యంత్రాల «ఎంవీఎన్ -వీ» ఫలితాలనూ ఉన్నవి ఉన్నట్టుగా మీ ప్రశ్నకు చేర్చండి, చూసి చెబుతాను.