కనిపించే బడికి చుట్టుదారి ఎందుకు?

ప్రశ్న: మేము హైదరాబాద్ శివారులో కొత్త లేఅవుట్‌లో ఉంటున్నాం. డాబా ఎక్కితే పిల్లల బడి కనిపిస్తుంది. నడుమ ప్రహరీ ఉండటంతో మెయిన్ రోడ్డు మీదుగా చుట్టూ తిరిగి వెళ్లాల్సి వస్తోంది. ఊరు పెరిగేకొద్దీ ఈ దారులు కలుస్తాయా?
– ఒక పాఠకురాలు

జవాబు: వాటంతట అవి కలవడం అరుదు. పాత ఇల్లు పడగొట్టి అపార్ట్‌మెంట్ కట్టుకోవచ్చు గానీ, వీధి ఒకసారి పడి, ఇరువైపులా ప్లాట్లు అమ్ముడై రిజిస్ట్రేషన్లు జరిగాక, 30 అడుగుల దారి తెరవాలన్నా భూసేకరణ, నష్టపరిహారం, కోర్టు వ్యాజ్యాలు ఎదురవుతాయి. హైదరాబాద్‌లో లింకు రోడ్ల పేరిట ఇప్పుడు జరుగుతున్నది ఈ ఆలస్యపు పనే.

శివారులో ఒక్కో వెంచరు ఒక్కో పొలంలో విడిగా పుడుతుంది. మెయిన్ రోడ్డుకు దారి ఉంటే ప్లాట్లు అమ్ముడవుతాయి కాబట్టి, పక్క పొలంలో రేపు వచ్చే వీధితో తన వీధిని కలపాలన్న తొందర రియల్టరుకు ఉండదు. వీధిపోటు ఉందని ప్లాటు వదులుకునే కొనుగోలుదారులు కూడా, కాలనీ దారి మొత్తం గోడకు తగిలి ఆగిపోయినా అడగరు! ఫలితంగా పాలప్యాకెట్టుకు వెళ్లే బండీ, ఆఫీసుకు వెళ్లే కారూ ఒకే కూడలిలో చేరతాయి. జనసాంద్రత పెరిగితే ఇది సర్దుకుంటుందనుకోవడమూ పొరపాటే. ముప్పై అంతస్తుల టవర్లున్న గేటెడ్ కమ్యూనిటీకీ బయటికి ఒకటి రెండు గేట్లే ఉంటాయి.

క్రిస్టఫర్ బారింగ్టన్-లీ, ఆడమ్ మిల్లార్డ్-బాల్ అనే పరిశోధకులు ఒక్కో కూడలిలో ఎన్ని దారులు కలుస్తున్నాయో లెక్కగట్టి, అమెరికాలో కొత్త వీధులు ఒకదానితో ఒకటి కలవకపోవడం 1994 ప్రాంతంలో పరాకాష్ఠకు చేరి, ఆ తరువాత తగ్గుముఖం పట్టిందని 2015లో చూపారు. ప్రపంచంలో చాలా చోట్ల మాత్రం 1975 నుంచి ఈ ధోరణి పెరుగుతూనే ఉందని 2020లో వారే తేల్చారు. ఇది నిబంధనలతో మారగల విషయమే: కొత్త కాలనీ వీధులు పక్క వీధులతో కలిసేలా ఉంటేనే వాటి నిర్వహణను ప్రభుత్వం చేపడుతుందని అమెరికాలోని వర్జీనియా రాష్ట్రం 2009లో షరతు పెట్టింది.

మీ విషయానికొస్తే, ముందు ఆమోదం పొందిన లేఅవుట్ ప్లాను చూడండి. అందులో మీ వీధి సరిహద్దు దాకా ఉండి, గిఫ్టు డీడు ద్వారా స్థానిక సంస్థకు అప్పగించి ఉంటే, అది ప్రజల దారి. దాని చివర గోడ ఎవరు, ఏ అనుమతితో కట్టారో రాతపూర్వకంగా అడగవచ్చు. అవతలిది ప్రైవేటు స్థలమైతే యజమాని సమ్మతి తప్పనిసరి. కార్ల దారి అంటే ఇరుపక్కలవారూ అడ్డుపడతారు కనుక, పిల్లలు నడిచి వెళ్లేంత చిన్న గేటుతో మొదలుపెట్టడం మేలు.