ఏజెంట్ చెప్పిన సొలిసిటరా, ఊళ్లో ఉన్న సొలిసిటరా?

ప్రశ్న: నమస్తే మేడమ్. ఇంగ్లండ్‌లోని రెడింగ్‌లో ఆరేళ్లుగా అద్దెకుంటున్నాం. నేను సాఫ్ట్‌వేర్, మా ఆవిడ ఎన్‌హెచ్‌ఎస్‌లో నర్సు. లోయర్ ఎర్లీలో ఒక ఇల్లు నచ్చింది, 4,25,000 పౌండ్లకు మా ఆఫర్ ఒప్పుకున్నారు. ఇల్లు అమ్మిపెడుతున్న ఏజెంటేమో తమ సొలిసిటర్‌నే (కొనుగోలు కాగితాలు చూసే లాయర్‌నే) పెట్టుకోమంటున్నాడు, పని తొందరగా అవుతుందట. ఆన్‌లైన్‌లో ఒకచోట 595 పౌండ్లకే చేస్తామంటున్నారు. ఆఫీసులో మిత్రులు మాత్రం లోకల్ సొలిసిటరే మేలంటున్నారు. ఆయన 1,350 పౌండ్లు, పైన వ్యాట్ అడుగుతున్నారు. ఎవర్ని పెట్టుకోవాలి? డిపాజిట్‌లో కొంత మా నాన్నగారు తణుకు దగ్గర పొలం అమ్మి ఇస్తున్నారు, సుమారు 40 లక్షలు. నా పేరున కూకట్‌పల్లిలో ఒక ఫ్లాట్ ఉంది, అమ్మానాన్నలు అందులో ఉంటున్నారు. దానికీ దీనికీ సంబంధం లేదనుకుంటాను. చివరగా, అక్టోబరులో గృహప్రవేశానికి ముహూర్తం పెట్టించుకోవచ్చా?

జవాబు: సొలిసిటర్ ఫీజులో ఏడెనిమిది వందల తేడా గురించి ఇంత ఆలోచించారు. బాగుంది. కానీ మీ ఉత్తరంలో అన్నిటికన్నా ఖరీదైన మాట ‘సంబంధం లేదనుకుంటాను’ అన్నది. ముందు దాని సంగతి చూద్దాం.

ఇంగ్లండ్‌లో మొదటిసారి ఇల్లు కొనేవాళ్లకు స్టాంప్ డ్యూటీలో రాయితీ ఉంది. 2025 ఏప్రిల్ 1 నుంచి 3 లక్షల పౌండ్ల దాకా పన్ను లేదు, అక్కణ్నుంచి 5 లక్షల దాకా 5 శాతం. మీ ఇంటికి ఆ లెక్కన 6,250 పౌండ్లు. బహుశా మీరు వేసుకున్న లెక్క ఇదే. అయితే ‘మొదటిసారి’ అంటే ఇంగ్లండ్‌లో మొదటిసారి అని కాదు. ప్రపంచంలో ఎక్కడా అంతకుముందు ఇల్లు ఉండకూడదు, వారసత్వంగా వచ్చినది కూడా లెక్కే. ఇద్దరూ కలిసి కొంటే ఇద్దరికీ ఆ అర్హత ఉండాలి. కూకట్‌పల్లి ఫ్లాట్‌తో మీకు అది పోయింది. కాబట్టి మామూలు రేట్లు: 1,25,000 దాకా సున్నా, ఆపైన 2,50,000 దాకా 2 శాతం, మిగిలిన దానికి 5 శాతం. మొత్తం 11,250 పౌండ్లు.

అక్కడితో అయిపోలేదు. ఇది కొనే రోజున మీకు మరో ఇల్లు ఉండి, అందులో మీ వాటా విలువ 40,000 పౌండ్లు అంతకు మించి ఉంటే, మొత్తం ధర మీద ఇంకో 5 శాతం పడుతుంది. 2024 అక్టోబరు 31కి ముందు అది 3 శాతం ఉండేది. ఆ ఇల్లు హైదరాబాద్‌లో ఉన్నా అంతే. అదనంగా 21,250, అంటే అంతా కలిపి 32,500 పౌండ్లు. ‘ఇల్లు మా ఆవిడ ఒక్కదాని పేరున కొంటే?’ అని అడుగుతారని తెలుసు. ఈ అదనపు పన్ను విషయంలో భార్యాభర్తలిద్దర్నీ ఒకటిగానే చూస్తారు, మీ ఫ్లాట్ ఆమె లెక్కలోకీ వస్తుంది. ఖాళీ ప్లాటుకైతే ఈ గొడవ లేదు, ఇల్లుంటేనే.

దారులు లేకపోలేదు. అమ్మానాన్నలు ఎలాగూ అందులోనే ఉంటున్నారు కాబట్టి, నిజంగానే ఆ ఫ్లాట్ వాళ్లకు ఇచ్చేసే ఉద్దేశం ఉంటే, ఇక్కడ ఇల్లు మీ చేతికొచ్చే రోజుకంటే ముందే గిఫ్ట్ డీడ్ రిజిస్టర్ అయిపోవాలి. అప్పుడు 21,250 తప్పుతుంది. మొదటిసారి రాయితీ మాత్రం మీకు తిరిగి రాదు. అక్కడ లోన్ ఉంటే బ్యాంకు ఒప్పుకోవాలి, తెలంగాణలో స్టాంప్ డ్యూటీ ఖర్చు చూసుకోవాలి, ఫ్లాట్ మీ చేతుల్లోంచి నిజంగానే పోతుందన్నదీ గుర్తుండాలి. పేరు మాత్రం మార్చి పెత్తనం మన దగ్గరే ఉంచుకుందామనే ఆలోచనైతే వద్దు. ఆ ఫ్లాట్‌లో మీరే ఉండి నేరుగా ఇక్కడికి వచ్చారా, ఎప్పుడు వచ్చారు అన్నదాన్ని బట్టి కూడా కొన్ని సందర్భాల్లో లెక్క మారుతుంది. ఇది నా ఉత్తరం చదివి చేసే పని కాదు, పన్ను తెలిసిన మనిషితో కూర్చుని చేయాల్సింది.

సొలిసిటర్ గురించి అడిగితే పన్ను పాఠం చెబుతోందేమిటి అనుకోకండి. ఎవర్ని పెట్టుకోవాలో తేలేది ఇక్కడే. ఇల్లు చేతికొచ్చాక 14 రోజుల్లో స్టాంప్ డ్యూటీ రిటర్ను వేసేది సొలిసిటరే. కానీ తప్పు దొర్లితే ఇక్కడి పన్నుల శాఖ హెచ్‌ఎంఆర్‌సీ నోటీసు మీ ఇంటికొస్తుంది, ఆయన ఆఫీసుకు కాదు. చాలా సంస్థలు పని ఒప్పుకుంటూ పంపే ఉత్తరంలో ‘పన్ను సలహా మా పనిలో భాగం కాదు’ అని చిన్నక్షరాల్లో రాస్తాయి. మొదటి ఫోన్‌లోనే ‘మీ ఇద్దరికీ ఎక్కడైనా, ఏ దేశంలోనైనా ఇల్లుందా?’ అని తనంతట తాను అడిగినవాళ్లకు నా దగ్గర సగం మార్కులు పడిపోతాయి.

ఇక ఏజెంట్ మాట. ఆయన చెప్పిన సొలిసిటర్‌కు మీరు వెళితే చాలాసార్లు ఏజెంటుకు కమిషన్ అందుతుంది. అది తప్పేం కాదు, కాకపోతే ఆ సంగతి మీకు చెప్పాలి. ఎంత అని అడగండి, మొహమాటం అక్కర్లేదు. ఆ డబ్బు చివరికి మీ బిల్లులోంచే వస్తుంది. ‘మా సొలిసిటర్‌ని పెట్టుకోకపోతే ఓనరు వేరేవాళ్లకు ఇచ్చేస్తారేమో’ అన్నట్టు మాట్లాడితే మాత్రం భయపడకండి. తమ సేవలు తీసుకోలేదని కొనుగోలుదారు మీద వివక్ష చూపడం ఏజెంట్లకు 1991 నుంచే నిషేధం.

595 సంగతి నాకు సొంత అనుభవం. మా మొదటి ఇంటికి నేనూ అలాంటి చవక చోటికే వెళ్లాను. డబ్బు సలహాలిచ్చేదాన్ని, పొదుపు చేస్తున్నాననుకున్నాను. ఫోన్ చేసిన ప్రతిసారీ కొత్త గొంతు, ప్రతి గొంతుకూ కథ మొదట్నుంచి చెప్పడం. మార్ట్‌గేజ్ (ఇంటి లోన్) ఆఫర్ గడువు ఇంకో తొమ్మిది రోజుల్లో తీరిపోతుందనగా పని పూర్తయింది. ఆ నెలంతా నేను నిద్రపోలేదు. బిల్లు చూస్తే వ్యాట్, గుర్తింపు తనిఖీకి ఇంత, బ్యాంకు తరఫు పనికి ఇంత, స్టాంప్ డ్యూటీ ఫారం నింపినందుకు ఇంత, గిఫ్ట్ డబ్బు పరిశీలనకు ఇంత, డబ్బు పంపినందుకు ఇంత. అన్నీ కలిపితే అప్పట్లో మా లోకల్ సొలిసిటర్ చెప్పిన ధరకు 80 పౌండ్లు తక్కువ, అంతే. కాబట్టి ముగ్గురి దగ్గరా పైసాతో సహా మొత్తం ఎంతో రాసి ఇమ్మనండి. సొలిసిటర్ సంస్థలు ఇళ్ల పనికి ధరలు బయటపెట్టాలనే నియమం 2018 డిసెంబరు నుంచి ఉంది. సెర్చ్‌ల (ఇంటి గురించి కౌన్సిల్ వగైరాల రికార్డుల్లో చేసే వాకబుల) ఖర్చు, ఆస్తి ఎవరిదో నమోదు చేసే ల్యాండ్ రిజిస్ట్రీ రుసుము ఎవరి దగ్గరికి వెళ్లినా ఉండేవే.

మరి లోకల్ అంటే నిజంగా లాభం ఉందా? మనవైపు ఇల్లు కొనాలంటే లాయరు లింకు డాక్యుమెంట్లు తిరగేసి, ఈసీ తీసి, లీగల్ ఒపీనియన్ ఇస్తాడు. ఇక్కడ ల్యాండ్ రిజిస్ట్రీలో పేరుంటే ఆ హక్కుకు ప్రభుత్వమే హామీ. టైటిల్ రిజిస్టర్ నకలు 7 పౌండ్లకు మీరే తెప్పించుకోవచ్చు. సెర్చ్‌లన్నీ కంప్యూటర్లోనే వస్తాయి. అందుకని దూరంగా ఉన్న మంచి సొలిసిటర్ కూడా ఈ పని చేయగలడు. అయితే ఒక సంగతి చాలామందికి తెలియదు: సొలిసిటర్ మీ ఇల్లు చూడడానికి రాడు. కాగితాలే చూస్తాడు. వెనక గదిని పెంచి కట్టారా, గ్యారేజీని గదిగా మార్చారా, కంచె పక్కింటివైపు జరిగిందా అన్నవి చూసి చెప్పాల్సింది మీరే. గోడల ఆరోగ్యం చూడ్డానికి సర్వేయర్ వేరే.

ఊరు తెలిసినవాడైతే కొన్ని ప్రశ్నలు అడక్కుండానే తడతాయి. లోయర్ ఎర్లీ చిరునామాలో రెడింగ్ అని ఉంటుంది గానీ అది వోకింగ్‌హామ్ కౌన్సిల్ కిందికొస్తుంది. 1970ల చివర్నుంచి కట్టుకుంటూ వచ్చిన ఎస్టేట్ అది. అలాంటి ఎస్టేట్లలో ముందు తోటకు కంచె వేయకూడదు, ఇంటి ముందు క్యారవాన్ పెట్టకూడదు లాంటి షరతులు టైటిల్‌లో కనిపిస్తుంటాయి. పక్కనే లాడన్ నది, కాబట్టి వరద మ్యాపు చూడాలి. రెడింగ్‌లో కొన్నిచోట్ల ఇళ్ల కింద పాత సుద్ద గనులున్నాయి. ఇవన్నీ ఎక్కడివాళ్లయినా తెలుసుకోగలరు. ఈ ఊళ్లో ఇరవై ఏళ్లుగా పనిచేసినవాళ్లకు వెతుక్కోనక్కర్లేదు, అదే తేడా.

మీ విషయంలో దీనికంటే పెద్ద కారణం నాన్నగారి డబ్బు. మనీ లాండరింగ్ నియమాల ప్రకారం ఆ 40 లక్షలు ఎక్కడివో సొలిసిటర్ తేల్చుకోవాలి. పొలం అమ్మిన రిజిస్టర్డ్ దస్తావేజు, ఆ సొమ్ము నాన్నగారి ఖాతాలో పడిన స్టేట్‌మెంటు, తిరిగి అడగను, ఇంట్లో వాటా కోరను అని ఆయన రాసిచ్చే గిఫ్ట్ లెటర్, ఇవన్నీ అడుగుతారు. దస్తావేజు తెలుగులో ఉంటే ధ్రువీకరించిన ఇంగ్లిష్ అనువాదం కావాలి. ఇంకా సూటిగా చెబుతాను. మనవైపు పొలం అమ్మకాల్లో కాగితం మీద ఒక ధర, చేతికొచ్చేది ఇంకో ధర అన్నది అందరికీ తెలిసిందే. దస్తావేజులో 18 లక్షలుండి 40 లక్షలు వస్తే ఏ సొలిసిటరూ ముట్టుకోడు. అనుమానమొస్తే మీకు చెప్పకుండానే నేషనల్ క్రైమ్ ఏజెన్సీకి తెలియజేయాల్సిన బాధ్యత ఆయనకుంది. కాగితం మీద చూపించగలిగినంతే తెప్పించండి. నలుగురు బంధువుల ఖాతాల్లోంచి కొంచెం కొంచెంగా పంపించే తెలివితేటలు అసలొద్దు. నాన్నగారి ఖాతా నుంచి నేరుగా మీ ఖాతాకు, ఒకేసారి. విదేశాలకు డబ్బు పంపుకునే ఆర్‌బీఐ పథకం ఎల్‌ఆర్‌ఎస్ కింద ఏడాదికి రెండున్నర లక్షల డాలర్ల దాకా పంపొచ్చు కాబట్టి పరిమితి సమస్య కాదు. 10 లక్షలు దాటిన మొత్తం మీద 20 శాతం టీసీఎస్ (బ్యాంకు ముందే వసూలు చేసే పన్ను) పట్టుకుంటారు. అది నాన్నగారు రిటర్ను వేస్తే తిరిగొస్తుంది గానీ, ఈలోగా మీ డిపాజిట్‌లో 6 లక్షలు తక్కువ పడతాయి. ఈ గిఫ్ట్ సంగతి మార్ట్‌గేజ్ బ్యాంకుకూ తెలిసుండాలి.

ఈ కాగితాలు పట్టుకుని ఎదురుగా కూర్చుని ‘ఇది పట్టాదారు పాస్‌బుక్, ఇది మా నాన్న సంతకం’ అని చెప్పుకునే అవకాశం ఈమెయిల్‌లో దొరకదు. అందుకే మీకు లోకల్ ఆయన్నే చెబుతాను. కాకపోతే కళ్లు మూసుకుని కాదు. ఆయన పేరు సొలిసిటర్లను నియంత్రించే ఎస్‌ఆర్‌ఏ రిజిస్టర్‌లో ఉందో లేదో చూడండి. లైసెన్స్‌డ్ కన్వేయన్సర్ (ఆస్తి బదిలీ పనులు చేసే నిపుణుడు) అయితే వాళ్ల నియంత్రణ సంస్థ సీఎల్‌సీ జాబితాలో ఉండాలి, వాళ్లూ ఈ పనికి సరిపోతారు. ఇళ్ల పని నాణ్యతకు లా సొసైటీ (సొలిసిటర్ల సంఘం) ఇచ్చే సీక్యూఎస్ గుర్తింపు ఉంటే మంచిదే. మీ బ్యాంకు ప్యానెల్‌లో (బ్యాంకు ఆమోదించిన లాయర్ల జాబితాలో) ఉన్నారా అన్నది తప్పనిసరిగా అడగాలి. లేకపోతే బ్యాంకు వేరే లాయర్ని పెడుతుంది, ఆ బిల్లు కూడా మీదే. నా ఫైలు చూసేది మీరేనా, మీ కింద ఉన్నవాళ్లా, సెలవుపై వెళితే ఎవరు చూస్తారు అని అడగండి. ఇండియా నుంచి వచ్చిన డబ్బుతో ఇదివరకు పనిచేశారా అని కూడా. తడబడితే ఊళ్లో మరొకరున్నారు.

ఒక జాగ్రత్త. సొలిసిటర్ బ్యాంకు ఖాతా నంబరు మొదటి రోజే ఆఫీసుకెళ్లి కాగితం మీద తీసుకోండి. డబ్బు పంపే సమయానికి ‘మా ఖాతా మారింది’ అని ఈమెయిల్ వస్తే అది దొంగదే అనుకుని, మీ దగ్గరున్న పాత నంబరుకు ఫోన్ చేసి అడగండి.

ముహూర్తం గురించి. ఇక్కడ కాంట్రాక్టులు ఎక్స్ఛేంజ్ అయ్యేదాకా (రెండువైపులా సంతకాలు చేసిన ఒప్పందాలు మార్చుకునేదాకా) ఎవరికీ కట్టుబాటు లేదు. ఓనరు ఎక్కువిచ్చేవాడికి మారిపోవచ్చు, మీరూ వెనక్కి రావొచ్చు. ఎక్స్ఛేంజ్ రోజున మామూలుగా 10 శాతం డిపాజిట్ కట్టాకే తాళాలిచ్చే తేదీ ఖాయమవుతుంది. తాళాలు తీసుకునే రోజే పాలు పొంగించాలని లేదు కదా. పంతులుగారితో అక్టోబరులో ఒకటి, కార్తీకంలో ఒకటి చూసి ఉంచమనండి. నాన్నగారి విమానం టికెట్లు మాత్రం ఎక్స్ఛేంజ్ అయ్యాకే.