మైనర్లు నేరం చేస్తే సమాజ సేవ చేయించవచ్చా?

చేయించవచ్చు: 2015 జువెనైల్ జస్టిస్ చట్టం సెక్షన్ 18 ప్రకారం, పిల్లలు నేరం చేశారని తేలితే జువెనైల్ జస్టిస్ బోర్డు (పిల్లల నేరాల కేసులు చూసేది) వాళ్లతో సమాజ సేవ చేయించవచ్చు. తన పనివల్ల ఎవరికో నష్టం జరిగిందని పిల్లాడికి తెలిసిరావాలి, చదువు మాత్రం పాడవకూడదు. చట్టం ఉద్దేశం అది. ఉదాహరణకు, బైకు దొంగిలించిన పదిహేనేళ్ల కుర్రాడికి పార్కు బాగుచేసే పనో, వృద్ధులకు సాయపడే పనో, ట్రాఫిక్ వాలంటీరు పనో అప్పగించవచ్చు. 14 దాటినవాళ్లకే ఈ పద్ధతి. కావాలంటే కౌన్సెలింగ్, జరిమానా కూడా ఉంటాయి.

"మైనర్ కదా, ఏమీ చేయలేరు" అని చాలామంది అంటుంటారు, టీవీ చర్చల్లో మరీనూ. అది తప్పు. బోర్డు మూడేళ్ల వరకు స్పెషల్ హోమ్‌కు (నేరం చేసిన పిల్లలను ఉంచి సంస్కరించే చోటు) పంపగలదు. 16 దాటినవాళ్లు ఘోర నేరం చేస్తే, ఆ పని పర్యవసానం అర్థం చేసుకునే శక్తి వాళ్లకుందా అని బోర్డు చేసే ప్రాథమిక అంచనా తర్వాత పెద్దవాళ్లలాగే విచారణ ఎదుర్కోవాల్సి రావచ్చు.