గుట్టల్లో, అడవి బాటల్లో జీపీఎస్: మీ ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: నెలకోసారి మిత్రులతో కలిసి గుట్టలు, కోటలు ఎక్కుతుంటాను. ఫోన్‌లోనే జీపీఎస్ ఉంది కదా, చేతిలో పట్టుకునే పరికరం వేరే కొనాలా? కొంటే ఎలాంటిది కొనాలి?
– ఒక పాఠకుడు, నల్లగొండ

జవాబు: మీరు ఎక్కేది భువనగిరి కోట లాంటి మెట్లున్న గుట్ట అయి, సాయంత్రానికి ఇల్లు చేరేటట్టయితే కొనొద్దు. ఫోన్ చాలు. టవర్ అందని చోట ఫోన్ జీపీఎస్ పనిచేయదని చాలామంది అనుకుంటారు, అది నిజం కాదు. ఫోన్ ఉపగ్రహాల సంకేతాన్ని నేరుగా అందుకుంటుంది, దానికి సిమ్‌తో పనిలేదు. నెట్ లేకపోతే ఆగిపోయేది మ్యాపే. ఇంట్లోనే ఆ ప్రాంతం మ్యాప్ దించుకుని, గుట్ట మొదట్లో ఫోన్‌ను ఫ్లైట్ మోడ్‌లో పెట్టండి. టవర్ కోసం వెతుకుతూ ఖర్చయ్యే చార్జింగ్ మిగులుతుంది. నెట్ సాయం లేనప్పుడు ఫోన్ తన చోటు పట్టుకోవడానికి కాస్త ఎక్కువసేపు పడుతుంది కాబట్టి, చెట్ల కిందికి పోకముందే ఒకసారి మ్యాప్ తెరిచి నీలం చుక్క నిలబడిందో లేదో చూసుకోండి.

వేరే పరికరంతో అసలు పని పడేది నల్లమల వైపు రెండు మూడు రోజులు నడిచేవాళ్లకు, వానల్లో తిరిగేవాళ్లకు, కృష్ణ మీద పడవల్లో పోయేవాళ్లకు. ఏప్రిల్, మే ఎండల్లో ఫోన్ వేడెక్కితే తెర మసకబారుతుంది, ఒక్కోసారి ఆరిపోతుంది. చేతి జీపీఎస్‌ల తెర ఎండ పడేకొద్దీ ఇంకా బాగా కనిపించే రకం. తడి వేళ్లతో టచ్ తెరను వాడటం కష్టం, బటన్లకు ఆ ఇబ్బంది లేదు.

సెల్స్ విషయంలో మాది గట్టి అభిప్రాయం. ఏఏ సైజు పెన్సిల్ సెల్స్ వేసుకునేదే కొనండి. గోడ గడియారంలో వేసే సైజు అది, ఏ కిరాణా కొట్టులోనైనా దొరుకుతుంది. గార్మిన్ కంపెనీ ఈట్రెక్స్ 22ఎక్స్ రెండు ఏఏ సెల్స్‌తో 25 గంటలు నడుస్తుందని కంపెనీ లెక్క. అదే కంపెనీ ఈట్రెక్స్ ఎస్‌ఈకి 168 గంటలని చెబుతారు, కానీ దానిలో మ్యాప్ వేసుకునే వీలు లేదు. మీరు గుర్తు పెట్టుకున్న చోట్లను (బిందువులు), నడిచిన గీతను మాత్రమే చూపుతుంది. కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు మ్యాప్ ఉన్నదే మేలు. రెండు పౌనఃపున్యాల మీద సంకేతాలు అందుకునే జీపీఎస్‌మ్యాప్ 65ఎస్ లోయల్లోనూ, దట్టమైన చెట్ల కిందా మెరుగు. దాని సెల్స్ మాత్రం 16 గంటలకే అయిపోతాయి.

చార్జింగ్ చేసుకునే నికెల్ మెటల్ హైడ్రైడ్ సెల్స్ వాడేటట్టయితే మెనూలో సెల్ రకం తప్పక మార్చండి. ఆ సెల్ 1.2 వోల్టులది, మామూలు ఆల్కలైన్ 1.5 వోల్టులది. సెట్టింగు ఆల్కలైన్‌లోనే ఉంటే, సగం చార్జింగ్ మిగిలుండగానే ‘బ్యాటరీ అయిపోతోంది’ అని హెచ్చరిక వస్తుంది, మీరు మంచి సెల్స్ తీసి పారేస్తారు. ఇంటికొచ్చాక సెల్స్ బయటికి తీసి పెట్టండి. నెలల తరబడి లోపలే ఉన్న ఆల్కలైన్ సెల్ కారి, సెల్స్ తగిలే లోహపు పలకలను తినేస్తుంది.

ప్రశ్న: అచ్చంపేట దగ్గర ఒక చోటు చూడమని మా అన్న ‘16 22.500, 78 38.400’ అని పంపాడు. దాన్ని పరికరంలో కొట్టుకుంటే ఎక్కడో 32 కిలోమీటర్ల అవతల చూపింది. పరికరం చెడిపోయిందా?
– ఒక పాఠకుడు, కల్వకుర్తి

జవాబు: పరికరం బాగానే ఉంది. మీ అన్న పంపినవి డిగ్రీలు, నిమిషాలు. అంటే 16 డిగ్రీల 22.500 నిమిషాలు. మీరు కొట్టింది 16.22500 డిగ్రీలు అయి ఉంటుంది. డిగ్రీకి 60 నిమిషాలు కాబట్టి 22.5 నిమిషాలంటే 0.375 డిగ్రీ, సరైన అంకె 16.37500. అదే లెక్కన 78 డిగ్రీల 38.400 నిమిషాలు 78.64000 అవుతుంది. మీరు కొట్టిన అంకెల వల్ల గుర్తు దక్షిణానికి 16 కిలోమీటర్లకు పైన, పడమరకు 27 కిలోమీటర్లు జరిగింది. రెండూ కలిస్తే నైరుతి మూలకు సుమారు 32 కిలోమీటర్లు.

ఈ పొరపాటు ప్రతిసారీ పట్టుబడదు. డిగ్రీల తరవాత అంకె 60 దాటి ఉంటే అది నిమిషాలు కాదని తెలిసిపోతుంది. 60 లోపు ఉంటే రెండు రకాలుగానూ చదవొచ్చు. అందుకే సెటప్‌లో ‘పొజిషన్ ఫార్మాట్’ దగ్గరకు పోయి పూర్తి దశాంశ డిగ్రీలు ఎంచుకోండి, ఫోన్ మ్యాపులు ఇచ్చేది కూడా అదే. ఎవరికైనా పంపేటప్పుడు అయిదు దశాంశ స్థానాలు రాయండి. అయిదో స్థానంలో ఒక అంకె తేడా అంటే దాదాపు 1 మీటరు, మూడో స్థానంలో అయితే 110 మీటర్లు. బయల్దేరే ముందు మీకు తెలిసిన చోటును, మీ ఊరి బస్టాండును అనుకోండి, ఫోన్‌లోనూ పరికరంలోనూ పక్కపక్కన పెట్టి సరిపోల్చితే రెండు నిమిషాల్లో సంగతి తేలిపోతుంది.

పాత సర్వే ఆఫ్ ఇండియా టోపోషీట్లు (ఎత్తుపల్లాలు చూపే కాగితం మ్యాపులు) వాడేవాళ్లకు ఇంకో చిక్కుంది. అచ్చంపేట వైపు 56ఎల్ షీట్ల లాంటి పాతవన్నీ ఎవరెస్ట్ గోళాకృతి అనే పాత భూమి ఆకారపు లెక్క ఆధారంగా గీసినవి. జీపీఎస్ మాట్లాడేది డబ్ల్యూజీఎస్ 84 అనే వేరే లెక్కలో. షీటు మీది అంకెలు చదివి నేరుగా కొట్టుకుంటే మన ప్రాంతంలో వంద మీటర్లకు పైగా పక్కకు జరుగుతారు. వాగుకు ఈ ఒడ్డున ఉండాల్సిన బాట ఆ ఒడ్డున కనిపించేంత తేడా అది. పరికరంలో ‘మ్యాప్ డేటమ్’ను (అంకెలు ఏ లెక్కలో చదవాలో చెప్పే సెట్టింగును) తాత్కాలికంగా ఇండియన్ రకానికి మార్చి, బిందువులు కొట్టుకుని, మళ్లీ డబ్ల్యూజీఎస్ 84కు తేవాలి. వెనక్కి తేవడం మరిచిపోతే అప్పటి నుంచి మీరు ఎవరికి అంకెలు చదివి చెప్పినా తప్పే అవుతుంది. 2005 జాతీయ మ్యాప్ విధానం తరవాత వచ్చిన ఓపెన్ సిరీస్ మ్యాపులు డబ్ల్యూజీఎస్ 84లోనే ఉన్నాయి కాబట్టి వాటితో ఈ బాధ లేదు.

భూమిని జోన్లుగా విడదీసి మీటర్లలో చోటు చెప్పే యూటీఎం గళ్ల పద్ధతి జోలికి మన జిల్లాల్లో పోకపోవడమే మంచిది. 43, 44 జోన్ల సరిహద్దు అయిన 78 డిగ్రీల రేఖ మహబూబ్‌నగర్ పట్టణం పక్క నుంచే పోతుంది. కోయిలకొండ, గద్వాల ఒక జోన్‌లో, అచ్చంపేట, నల్లగొండ ఇంకో జోన్‌లో పడతాయి. జోన్ అంకె ఒకటి తప్పు రాస్తే 640 కిలోమీటర్ల తేడా వస్తుంది.

ప్రశ్న: కోయిలకొండ కోట మీద నిలబడి చూస్తే ఈట్రెక్స్ 22ఎక్స్‌లో బాణం గిర్రున తిరుగుతోంది. నాతో వచ్చినవాళ్ల 32ఎక్స్‌లో బాణం బాగానే ఉంది గానీ, ఒకే చోట కూర్చున్నా పొద్దుటికీ మధ్యాహ్నానికీ ఎత్తు దాదాపు 30 మీటర్లు పెరిగింది. ఎందుకు?
– ఒక పాఠకురాలు, మహబూబ్‌నగర్

జవాబు: 22ఎక్స్‌లో దిక్సూచి లేదమ్మా. మీరు నడుస్తున్నప్పుడు ముందటి చోటును, ఇప్పటి చోటును పోల్చి దిక్కు లెక్కగడుతుంది. నిలబడితే లెక్కకు ఆధారమే ఉండదు. సూటిగా పదిహేను ఇరవై అడుగులు వేగంగా నడవండి, బాణం కుదురుకుంటుంది. 32ఎక్స్‌లో నిజమైన దిక్సూచి ఉంది, కానీ సెల్స్ మార్చిన ప్రతిసారీ మెనూలో చెప్పినట్టు చేతిలో తిప్పి సరిచేయాలి. ఆ సమయంలో బండి పక్కన నిలబడొద్దు, అయస్కాంతం ఉన్న ఫోన్ కవర్ జేబులో ఉండొద్దు.

ఎత్తు సంగతి వేరు. 32ఎక్స్ గాలి పీడనాన్ని బట్టి ఎత్తు చెబుతుంది. మన లాంటి ఉష్ణ ప్రాంతాల్లో వాతావరణం మారకపోయినా పీడనం రోజూ ఉదయం 10 ప్రాంతంలో పెరిగి, సాయంత్రం 4 ప్రాంతంలో తగ్గుతుంది. పీడనం 1 హెక్టోపాస్కల్ (పీడనం కొలిచే ప్రమాణం) తగ్గితే పరికరం మీరు 8, 9 మీటర్లు పైకెక్కారనుకుంటుంది. 3 తగ్గితే సుమారు 25 మీటర్లు. వానమబ్బు పట్టినప్పుడు ఇంకా పెరుగుతుంది. ‘ఆటో కాలిబ్రేషన్’ ఆన్‌లో పెట్టి, తెలిసిన ఎత్తు దగ్గర చేత్తో సరిచేయండి. రైల్వే స్టేషన్ పేరు రాసిన పసుపు బోర్డు మీద సముద్ర మట్టం నుంచి ఎత్తు రాసి ఉంటుంది, అంతకంటే సులువైన కొలత మనకు లేదు.

కొన్ని ఫోన్ ఆప్‌లు మన దగ్గర 70 నుంచి 80 మీటర్లు తక్కువ ఎత్తు చూపిస్తాయి. అవి సముద్ర మట్టానికి సర్దకుండా, ఉపగ్రహాల లెక్కలోని దీర్ఘవృత్తాకార గోళం నుంచి ఎత్తు చెబుతాయి. దక్షిణ భారతంలో సముద్ర మట్టం ఆ గోళం కంటే అంత కిందికి ఉంటుంది.

ప్రశ్న: చైత్ర పౌర్ణమికి సలేశ్వరం పోయి వచ్చాం. ట్రాక్ (పరికరం గీసిన మా నడక గీత) చూస్తే లోయలో పిచ్చిగీతలు, నడిచినదానికంటే ఎక్కువ దూరం. పొద్దుటి సగం దారి అసలే లేదు.
– ఒక పాఠకుడు, దేవరకొండ

జవాబు: లోతైన లోయలో నెత్తిమీది పట్టీ అంత ఆకాశమే కనిపిస్తుంది. పక్క ఉపగ్రహాలు కొండ చాటున పోతాయి, ఉన్న సంకేతాలు కూడా రాతి గోడలకు కొట్టుకుని ఆలస్యంగా చేరతాయి. ఆలస్యాన్ని పరికరం దూరంగా లెక్కవేస్తుంది కాబట్టి మీ చుక్క కొండ మీదికి ఎక్కి కూర్చుంటుంది. తెర మీద ‘5 మీటర్ల ఖచ్చితత్వం’ అని కనబడినా అది పరికరం అంచనాయే, లోయలో నమ్మొద్దు. జలపాతం దగ్గర గంటసేపు కూర్చుంటే ఆ గంటంతా చుక్క అటూఇటూ దుముకుతుంది, ప్రతి దుముకూ మీ దూరంలో కలుస్తుంది. ఆగినచోట ట్రాక్ ఆపండి, కదిలేముందు మళ్లీ మొదలుపెట్టండి.

లోయలోకి దిగేముందు పైన, ఆకాశం బాగా కనిపించే చోట, బిందువు గుర్తించుకోండి. తిరిగొచ్చేటప్పుడు మీరు నమ్మాల్సింది దాన్నే. ఒకే చోటును మళ్లీ మళ్లీ కొలిచి సగటు తీసే ‘వేపాయింట్ యావరేజింగ్’తో గుర్తిస్తే ఇంకా మేలు. మొదటి కొలత అయ్యాక కనీసం గంటన్నర ఆగి మళ్లీ కొలిస్తే ఉపగ్రహాల స్థానాలు మారి సగటు మెరుగుపడుతుంది. దిగేటప్పుడు ఒకసారి, ఎక్కి వచ్చాక ఒకసారి కొలిచినా ఆ ఎడం సరిపోతుంది. బిందువు పేరు ఇంగ్లిష్ అక్షరాల్లో పొట్టిగా పెట్టండి, తెలుగు అక్షరాలు ఈ పరికరాల్లో చాలావాటిలో కనిపించవు. పెంటల (చెంచుల గూడేల) పేర్లు వాళ్లు పలికినట్టే రాసుకోండి. తరవాత దారి అడగాల్సి వస్తే ఆ పేరే పనికొస్తుంది, మీరు పెట్టిన నంబరు కాదు.

సగం దారి పోవడానికి కారణం ట్రాక్ జ్ఞాపకం నిండటం. ఈ పరికరాల్లో 10,000 బిందువులు పడతాయి. సెకనుకొకటి చొప్పున రాస్తే 2 గంటల 47 నిమిషాల్లో నిండిపోతుంది. పాత మోడళ్లలో నిండాక మొదటివి చెరిగి కొత్తవి చేరతాయి. కొత్తవాటిలో అయితే పాత భాగం ‘ఆర్కైవ్’ ఫోల్డర్‌లోకి పోతుంది, ముందు అక్కడ వెతకండి. ఈసారి 10 సెకన్లకొకటి పెట్టుకోండి, 27 గంటలు వస్తుంది. నడకకు అది చాలు.

ప్రశ్న: పాత పసుపు రంగు పరికరం ఒకటి చవగ్గా దొరుకుతోంది. తేదీ దాదాపు ఇరవై ఏళ్లు వెనక చూపుతోంది. తీసుకోవచ్చా?
– ఒక పాఠకుడు, మిర్యాలగూడ

జవాబు: తేదీ తప్పు చూపినంత మాత్రాన పరికరం చెడినట్టు కాదు. జీపీఎస్ వారాల లెక్క 1023 దాకా పోయి మళ్లీ సున్నా నుంచి మొదలవుతుంది. 2019 ఏప్రిల్‌లో అలా తిరిగింది, పాత సాఫ్ట్‌వేర్ దాన్ని గ్రహించక 19 ఏళ్ల ఏడున్నర నెలలు వెనక్కి పోతుంది. చోటు మాత్రం సరిగానే చెబుతుంది. సూర్యోదయ, సూర్యాస్తమయ వేళలను నమ్మకండి.

కొనేముందు సెల్స్ మూత తీసి పలకల మీద పచ్చటి తుప్పు ఉందేమో చూడండి. చుట్టూ ఉన్న రబ్బరు పట్టీ ఊడి ఉంటే నీళ్లు లోపలికి పోతాయి, అలాంటిది వదిలేయండి. ప్రతి బటన్ నొక్కి చూడండి. ఆరుబయట పెట్టి 15 నిమిషాలు ఆగండి. ఏళ్ల తరబడి మూలన పడి ఉంటే ఉపగ్రహాల పట్టిక పాతబడి ఉంటుంది, కొత్తది పూర్తిగా దించుకోవడానికి పన్నెండున్నర నిమిషాలు పడుతుంది. అంగడి లోపల ‘సిగ్నల్ రావట్లేదు’ అంటే దాన్ని లోపంగా లెక్కవేయొద్దు.

ప్రశ్న: జీపీఎస్ ఉంటే అమ్రాబాద్ అడవిలో సొంతంగా నడవొచ్చా? విదేశం నుంచి బంధువు తెచ్చిన ఇన్‌రీచ్ (ఉపగ్రహం ద్వారా సందేశాలు పంపే పరికరం) కూడా ఉంది.
– ఒక పాఠకుడు, వనపర్తి

జవాబు: నడవకూడదు. అమ్రాబాద్ పులుల అభయారణ్యం, లోపలికి అటవీ శాఖ అనుమతి కావాలి. ఇన్‌రీచ్‌ను ఇంట్లోనే ఉంచండి. సంకేతం అందుకునే మామూలు జీపీఎస్‌కు ఇబ్బంది లేదు, కానీ ఉపగ్రహం ద్వారా సందేశం పంపే పరికరం మన దేశంలో టెలికాం శాఖ అనుమతి లేకుండా వాడటం నేరం. విమానాశ్రయంలో దొరికినా ఇబ్బందే.

అనుమతితో పోయినా, శ్రీశైలం రోడ్డు మీద మన్ననూరు, దోమలపెంట గేట్లు రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా మూసి ఉంటాయి. తిరుగు ప్రయాణం ఆ వేళ నుంచి వెనక్కి లెక్కవేసుకోండి. బిందువు వైపు నడిపించేటప్పుడు పరికరం చూపే ‘చేరే సమయం’ సూటి గీత మీద వేసిన లెక్క. మధ్యలో వాగు అడ్డం ఉందని దానికి తెలియదు. ఆ సమయానికి కనీసం రెట్టింపు పెట్టుకోండి.