పరిశోధనకు పూనుకున్న అమ్మలుకు

చిరంజీవి అమ్మలుకు పెదనాన్న ఆశీస్సులతో వ్రాయునది.

ఫ్రెంచి సినిమా విమర్శలో ఆటర్ సిద్ధాంతం, అంటే సినిమాకు దర్శకుడే కర్త అనే వాదం, ఏ తాత్త్విక నేపథ్యం నుంచి పుట్టిందో పరిశోధించబోతున్నావని మీ నాన్న చెప్పాడు. ఒక ప్రశ్న వెంట ఇంత దూరం వెళ్లినవారు మన ఇంట్లో ఇంతవరకు లేరు కాబట్టి గర్వంగా ఉంది. ఆ దారిలో దర్శకుణ్ణి దేవుణ్ణి చేసిన పుస్తకాలే ఎక్కువ కాబట్టి భయంగానూ ఉంది.

ఫ్రెంచి నేర్చుకో. వ్యాసాలను అచ్చయిన క్రమంలోనే చదువు. ఏ వ్యాసం ఏ సినిమాను చర్చిస్తుందో ఆ సినిమా ముందు చూడు.

నేను వివరంగా చెప్పవలసింది ఒక పాత పొరపాటు గురించి. చాలామంది 1954 జనవరిలో 'కాయే ద్యు సినిమా' అనే ఫ్రెంచి సినిమా పత్రికలో, తరువాత దర్శకుడైన విమర్శకుడు త్రూఫో రాసిన వ్యాసంతో ఈ చరిత్ర మొదలుపెడతారు. స్క్రీన్‌ప్లే రచయితల పెత్తనంలో నడిచే సినిమా మీద 21 ఏళ్ల యువకుడు చేసిన దాడి అది. అక్కడ మొదలుపెడితే ఆటర్ అంటే ఏకాంతంలో సృష్టించే ప్రతిభావంతుడనే పాత భావకవితా ఊహ తప్ప మరేమీ కనిపించదు. ఇంకా వెనక్కి వెళ్లు. 1948లో సినీ విమర్శకుడు ఆస్త్రుక్ కెమెరాను కలంతో పోల్చి, పాతకాలపు తత్త్వవేత్త దెకార్త్ ఈనాడు ఉంటే 16 మిల్లీమీటర్ల కెమెరాతో గదిలో కూర్చుని తన తత్త్వాన్ని ఫిల్ము మీదే రాసేవాడన్నాడు. దానికి ముందు, నవలాకారుడి శిల్పం ఎప్పుడూ అతని తత్త్వదృష్టినే సూచిస్తుందని 1939లో అమెరికన్ నవలాకారుడు ఫాక్నర్ గురించి రాస్తూ ఫ్రెంచి తత్త్వవేత్త సార్త్ర్ అన్న మాట ఉంది. దానికీ ముందు, 1932లో తత్త్వవేత్త ఎమ్మాన్యుయేల్ మూనియే స్థాపించిన 'ఎస్ప్రి' పత్రిక ఉంది. మూనియే దృష్టిలో తనలో తాను ముడుచుకున్న వ్యక్తి వేరు. ఇతరులతో, లోకంతో బాధ్యతగా ముడిపడి రూపుదిద్దుకునే మనిషి వేరు. త్రూఫో తరం విమర్శకులకు పెద్దదిక్కయిన సినీ విమర్శకుడు ఆంద్రే బజాన్ ఆ పత్రికలో రాసినవాడే.

కళలన్నీ మనిషి ఉనికి మీద ఆధారపడగా, ఫొటోగ్రఫీ ఒక్కటే మనిషి లేకపోవడం వల్ల లాభపడుతుందని 1945లో రాసిందీ ఆ బజానే. మనిషి చేయి పడకుండా ఏర్పడే బింబానికి కర్త ఎలా ఉంటాడు? నీ పరిశోధనకు గుండెకాయ ఇక్కడే ఉందని నా నమ్మకం. దర్శకుణ్ణి లోకాన్ని కల్పించేవాడిగా కాక, దాని ఎదుట ఎక్కడ నిలబడాలో, ఎంతసేపు చూడాలో నిర్ణయించుకునేవాడిగా భావిస్తే మనిషి చేయి పడని బింబం, దానికో కర్త అనే ఆ రెండు ఆలోచనలూ పొసగుతాయి.

1957 ఏప్రిల్‌లో బజాన్ ఒక వ్యాసంలో తన వెంట నడిచిన కుర్రవాళ్లకే, దర్శకుణ్ణే కర్తగా చూసే ఈ ధోరణి వ్యక్తిపూజగా మారే ప్రమాదముందని చెప్పి, "కర్తే, సరే, కానీ దేనికి కర్త?" అని అడిగాడు. సైనిక జైలు నుంచి బయటికొచ్చిన త్రూఫోను తన ఇంట్లో పెట్టుకుని ఆదరించిన మనిషి ఆయన. ఆ వ్యాసం తెరిస్తే నాకు మా ఫిల్మ్ సొసైటీ రోజులు జ్ఞాపకం వస్తాయి. పుణె ఆర్కైవ్ ప్రింట్లు చూసి దర్శకుల పేర్లు జపించే మమ్మల్ని, ఛాయాగ్రాహకుడెవరని అడిగి నిలదీసే పెద్దాయన ఒకరుండేవారు. ఆయన కోపంలోనూ అంతటి ప్రేమే ఉండేది.

బజాన్ మరుసటి ఏడాది నవంబరులో, 40 ఏళ్లకే, లుకేమియాతో పోయాడు. నువ్వు రాత్రుళ్లు నిద్ర మాని చదువుతున్నావట. అది నాకు బొత్తిగా నచ్చలేదు. వేళకు తిను, తల్లీ.

మొదటి అధ్యాయం కాగానే పంపు. త్రూఫోతో మొదలైతే తిప్పి పంపుతాను. మూనియేతో మొదలైతే నా ప్రశ్నలన్నీ మార్జిన్లలో రాసి వారంలోగా పంపుతాను.

ఆశీస్సులతో,
పెదనాన్న