వెండర్ పేరోల్ మీద చేరే ముందు

చిరంజీవి వంశీకి మావయ్య ఆశీస్సులు.

గచ్చిబౌలిలో అంత పెద్ద కంపెనీలో కాంట్రాక్టు మీద పని దొరికిందని మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. చాలా సంతోషం. నేనూ వెండర్ల తరఫున, అంటే మనల్ని తమ జీతం మీద పెట్టుకుని పెద్ద కంపెనీలకు పనికి పంపే సంస్థల తరఫున, చాలా ఏళ్లు పనిచేశాను కాబట్టి నాలుగు మాటలు రాస్తున్నాను.

నువ్వు రోజూ వెళ్లే ఆఫీసు ఎవరిదైనా, నీ యజమాని మాత్రం వెండరే. జీతం, పీఎఫ్, ఇన్సూరెన్స్, సెలవులు అన్నీ వాళ్ల చేతిలోనే ఉంటాయి. అందుకే ఆఫర్ లెటర్‌లో ముందు నోటీసు పీరియడ్ చూడు. క్లయింటు, అంటే నువ్వు వెళ్లి పనిచేసే ఆ కంపెనీ, నిన్ను రేపటి నుంచి రావద్దనొచ్చు, నీకేమో 90 రోజుల నోటీసు రాసి ఉండొచ్చు. తగ్గించమని చేరకముందే అడుగు, చేరాక ఎవరూ వినిపించుకోరు. ప్రాజెక్టు ఆగిపోతే బెంచ్ మీద, అంటే పని లేకుండా ఉన్న రోజులకు, జీతం ఇస్తారా, ఎన్నాళ్లిస్తారు అన్నది కూడా మెయిల్‌లో రాయించుకో. జీతంగా కాకుండా ప్రొఫెషనల్ ఫీజుగా ఇస్తామంటే 10 శాతం టీడీఎస్, అంటే ముందే కోసే పన్ను, పట్టుకుంటారు, పీఎఫ్ ఉండదు. ఆ తేడా తెలుసుకునే ఒప్పుకో.

లోపలికి వెళ్లాక నీ బ్యాడ్జీ రంగు వేరుగా ఉండొచ్చు, టీమ్ డిన్నర్‌కి పిలవకపోవచ్చు. మనసుకు తీసుకోకు. 1990లలో మైక్రోసాఫ్ట్‌లో ఏళ్ల తరబడి టెంపరరీగా చేసినవాళ్లు, మేమూ ఉద్యోగులమే, పర్మనెంటు వాళ్ల సౌకర్యాలు మాకూ రావాలని అమెరికాలో కోర్టుకెక్కారు. 2000లో కంపెనీ 9.7 కోట్ల డాలర్లకు రాజీపడింది. కాంట్రాక్టరు తమ ఉద్యోగిలా కనిపిస్తే అలాంటి కేసే మీదికొస్తుందని పెద్ద కంపెనీల లీగల్ వాళ్ల భయం. ఆ దూరం నీ పనితనాన్ని చూసి పెట్టింది కాదు. నీ పక్క సీటు అమ్మాయికి కూడా ఆ రూల్సేమిటో తెలియకపోవచ్చు.

శుక్రవారం ఇంటికి బయల్దేరే ముందే టైమ్‌షీట్, అంటే పనిచేసిన గంటల లెక్క, నింపెయ్. మేనేజర్ అప్రూవ్ చేస్తేనే వెండర్ బిల్లు పెడతాడు. సోమవారానికీ పెండింగ్ అనే కనిపిస్తుంటే మేనేజర్ సీటు దగ్గరికే వెళ్లి అడుగు, మొహమాటపడకు. పీఎఫ్ పాస్‌బుక్ నెలనెలా చూసుకో. జీతంలో కోశారు కదా అని కట్టేశారనుకోవద్దు.

కంపెనీ కోడ్ గానీ, ఫైల్ గానీ నీ సొంత మెయిల్‌కి పంపుకోవద్దు. ఒక్కటి దొరికినా ఆ రోజే యాక్సెస్ తీసేస్తారు. రెజ్యూమేలో వెండర్ పేరు రాసి, క్లయింటు ఫలానా అని దాని కింద రాయి. తర్వాతి కంపెనీ వెరిఫికేషన్‌లో పీఎఫ్ రికార్డు చూస్తే అక్కడ కనిపించేది వెండర్ పేరే.

పర్మనెంట్ చేస్తామని మేనేజర్ మంచిగానే అంటాడు. హెడ్‌కౌంట్, అంటే పర్మనెంట్ పోస్టు, ఖాళీ ఉందా, ఇంటర్వ్యూ ఎప్పుడు అని అడుగు. జవాబు రాకపోతే బయట కూడా ప్రయత్నిస్తూ ఉండు. అమ్మానాన్నలకు హెల్త్ ఇన్సూరెన్స్ మాత్రం విడిగా తీసుకో, వెండర్ పాలసీ నీ ఉద్యోగంతోపాటే ఆగిపోతుంది.

సంతకం పెట్టకముందు ఆఫర్ లెటర్ నాకు పంపు. ఆదివారం కూర్చుని ఇద్దరం చదువుదాం.

మీ మావయ్య